బాట పక్క చెట్ల మొలకలు: కొడితే పోవు, ఎలా తీయాలి

మామిడి తోటలోనో, టేకు ప్లాంటేషన్‌లోనో, గుట్ట వారనున్న పట్టా భూమిలోనో చెట్ల మధ్య బాట ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "పోయినేడు కూలీలను పెట్టి మొత్తం కొట్టించాం. ఈ ఏడు రెట్టింపు వచ్చింది. ఏం చేయాలి?"

రెట్టింపు వచ్చింది కొట్టించడం వల్లే. తునికాకు కోసం అడవుల్లో ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదల్ని కావాలనే నరుకుతారు. కొత్త పిలకలు గుబురుగా లేచి, ఏప్రిల్, మే నాటికి లేత ఆకు చేతికందుతుంది. బాట పక్క మీరు కత్తితో చేస్తున్నదీ అదే పని, కాకపోతే ఆకు కోసుకోవడానికి ఎవరూ రావడం లేదు.

సర్కారు తుమ్మ, సుబాబుల్, వేప, నెమలినార, మోదుగ, నల్ల తుమ్మ, రేగు లాంటివి బాట మీదికి వస్తుంటే ఏ వరుసలో పని చేయాలో కింద రాశాను. మొదటి మూడు భాగాలు చదవకుండా కత్తి పట్టుకోకండి.

## 1. ముందు తేల్చుకోవాల్సింది: మొక్క ఎలా పుట్టింది?

పైకి చూస్తే అన్నీ ఒకేలా మోకాలెత్తు మొక్కలే. మొదలు దగ్గర తొలికతో నాలుగు వేళ్ల లోతు మట్టి గీకి చూడండి. మూడింటిలో ఒకటి కనిపిస్తుంది.

విత్తు మొక్క. ఒకటే కాండం, దాని కింద నిటారుగా దిగిన సన్నని తల్లివేరు. గింజ నుంచి వచ్చింది. దీన్ని పీకితే పని అయిపోతుంది.

మోడు పిలక. ఒకే చోటు నుంచి నాలుగైదు కొమ్మలు గుత్తిగా లేస్తాయి. మట్టి తీస్తే పాత నరుకు గుర్తు, దాని కింద లావాటి దుంప ఉంటాయి. పైన వేలంత ఉన్నా కింద చేయంత ఉండొచ్చు. పీకితే రాదు, నరికితే పెరుగుతుంది.

వేరు పిలక. కాండం కింద తల్లివేరు ఉండదు, అడ్డంగా పోతున్న వేరు ఉంటుంది. అది పది, పదిహేను అడుగుల అవతలున్న పెద్ద చెట్టుదో, పాత మొద్దుదో అయి ఉంటుంది. మోదుగ, తునికి, రేగు ఇలా వస్తాయి. వేపకూ ఈ గుణం కొంత ఉంది, ముఖ్యంగా వేరుకు నాగలి దెబ్బ తగిలినచోట.

మా తోటలో రెండేళ్లు ఈ తేడా చూడకుండా అన్నింటినీ బ్రష్ కట్టర్‌తో కొట్టించాను. పనికి వచ్చే పెద్దాయన ఒకరోజు నవ్వి, "అయ్యా, మీరు దానికి క్షవరం చేయిస్తున్నారు" అన్నాడు. సర్కారు తుమ్మ దుంప ఒకటి తవ్వి చూపించాకే నాకు అర్థమైంది.

## 2. ఏది ఉంచాలి? గుడ్డపీలికలు కట్టండి

పని రోజు ఉదయం "ఇది ఉంచు, అది తీయి" అని కూలీల వెంట తిరిగితే సగం తప్పులు జరుగుతాయి. ముందురోజే బాట మొత్తం నడిచి, ఉంచాల్సిన వాటికి తెల్ల పీలిక కట్టండి. పీలిక లేనిదల్లా పోతుందని చెబితే చాలు.

- మనిషి నడిచే బాటకు నాలుగడుగులు, ట్రాక్టర్ ట్రక్కు పోయే బాటకు పది అడుగులు ఖాళీ ఉండాలి. దానికి అటూ ఇటూ మరో రెండేసి అడుగులు.
- ఆ పట్టీలో ఎంత మంచి జాతి మొక్క ఉన్నా తీయాల్సిందే. నేరేడు కదా అని ఉంచితే పదేళ్ల తర్వాత పెద్ద చెట్టుతో గొడవ పడాలి.
- పట్టీకి అవతల ఇప్ప, నేరేడు, రేల, కానుగ, వేప లాంటివి నచ్చినన్ని ఉంచుకోండి. బాట మీద నీడ ఎంత పడితే ఎండ కోరే మొలకలు అంత తగ్గుతాయి. బాట పక్క చెట్లన్నీ కొట్టేసి నేలను ఎండకు పెట్టినవాళ్ల దగ్గరే సర్కారు తుమ్మ ఎక్కువ.
- రావి, మర్రి, మేడి మొలకలు కనిపిస్తే చాలామంది చేయి వెనక్కి తీసుకుంటారు. చిటికెన వేలంత ఉన్నప్పుడే వేళ్ల చుట్టూ మట్టిగడ్డతో లేపి, వర్షాకాలంలో చెరువు గట్టు మీదికి మార్చండి. ఎవరి మనసూ నొచ్చుకోదు.

## 3. హద్దు, అనుమతి

ఇది చిన్న విషయమే కానీ మర్చిపోతే పెద్ద టెన్షన్. చేత్తో పీకే మొలకలకు ఎవరినీ అడగక్కర్లేదు. చెట్టు అనదగ్గది కొట్టాలంటే మాత్రం 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) వర్తిస్తుంది. ఏ జాతికి అనుమతి కావాలో, దేనికి అక్కర్లేదో మీ మండలంలో అటవీ శాఖ సిబ్బందిని అడిగి తెలుసుకోండి.

ఎర్రచందనం, శ్రీగంధం మొలక తనంతట తానే వచ్చినా సరే, అడగకుండా ముట్టుకోకండి. మీ భూమి రిజర్వు ఫారెస్టును ఆనుకుని ఉంటే హద్దురాయి దాటి కత్తి వేయొద్దు. ఊరి డొంక పక్క అయితే ముందు పంచాయతీకి ఒక మాట చెప్పండి.

## 4. ఎప్పుడు చేయాలి

పని ఎంత కష్టమవుతుందన్నది నేల తడిని బట్టి ఉంటుంది. ఏప్రిల్‌లో గడ్డపారతో గంట పట్టే దుంప జులైలో పావుగంటలో వస్తుంది.

ఆరుద్ర నుంచి పుష్యమి వరకు (జూన్ చివరి నుంచి ఆగస్టు మొదటి దాకా): విత్తు మొక్కలు పీకడానికి, దుంపలు తవ్వడానికి ఇదే అదను. మంచి వాన పడ్డాక ఒకరోజు ఆగండి. నల్లరేగడి అయితే రెండు రోజులు, లేదంటే కాళ్లకు అంటిన మట్టితోనే సరిపోతుంది.

హస్త, చిత్త (సెప్టెంబరు చివర, అక్టోబరు): రెండో విడత. మొదటిసారి కంటపడనివి ఇప్పుడు మోకాలెత్తు ఉంటాయి, నేలలో ఇంకా తడి ఉంటుంది.

ఎండాకాలం: తవ్వకాలు వద్దు. గింజ రాల్చే తల్లిచెట్లను గుర్తించడానికి, కాయలు ఏరడానికి ఈ కాలం వాడుకోండి. నెమలినార రెక్కల గింజలు ఎండలు ముదిరేసరికి గాలికి ఎగిరి బాటంతా పరుచుకుంటాయి. వాన పడకముందే బాట ఊడిస్తే కొన్ని వందల మొలకలు పుట్టకుండానే పోతాయి.

## 5. పనిముట్లు, జాగ్రత్తలు

- గడ్డపార, పార, తొలిక, పదునైన చిన్న గొడ్డలి
- చేతి రంపం (దుంపను నేల లోపల కోయడానికి గొడ్డలి కంటే ఇది నయం)
- ముళ్ల కొమ్మల్ని పక్కకు నెట్టడానికి పంగల కర్ర
- మందపాటి తోలు చేతి తొడుగులు, మోకాళ్ల దాకా వచ్చే గమ్ బూట్లు
- కళ్లద్దాలు, ముల్లు తీసే చిమటా, నీళ్లు

సర్కారు తుమ్మ ముల్లు చెప్పుల్లోంచి కూడా దిగుతుంది. విరిగి లోపల ఉండిపోతే, ముఖ్యంగా కీలు దగ్గరైతే, పసుపు పెట్టి ఊరుకోకండి. డాక్టరుకు చూపించి, టీటీ ఇంజక్షన్ సంగతి అడగండి.

పొద మొదట్లో చేయి పెట్టేముందు కర్రతో తట్టండి. రక్తపింజర చప్పుడుకు పారిపోయే రకం కాదు, ఆకుల్లో కదలకుండా పడుకుంటుంది. అందుకే తట్టడంతో ఆగకుండా కర్రతోనే ఆకులు పక్కకు లాగి చూడండి. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం లాంటివి చేయకుండా మనిషిని కదలనీయక 108కి ఫోన్ చేయండి. దురదగొండి తీగ అల్లుకున్న పొద ఉంటే దాని కాయలు ఎండకముందే, గాలి లేని వేళ పని ముగించుకోండి.

## 6. మొదటి అంచె: విత్తు మొక్కలు పీకడం

సంఖ్యలో ఇవే ఎక్కువ, పనిలో ఇవే తేలిక. అందుకే వీటితో మొదలుపెట్టండి. బాట కాస్త ఖాళీ అయితే మిగతావి కళ్లకు కనిపిస్తాయి.

1. కాండాన్ని పైన పట్టుకోకండి. వంగి, నేలకు ఆనించి పట్టుకోండి.
2. ఒక్కసారిగా గుంజకుండా, అటూ ఇటూ ఊపి వేరు వదులు చేసి నిటారుగా లాగండి. పక్కకు లాగితే తెగుతుంది.
3. తల్లివేరు చివర సన్నగా, తోకలా వచ్చిందా చూడండి. మొద్దుగా తెగి ఉంటే పైభాగమే వచ్చినట్టు. అక్కడ తొలికతో గుచ్చి మిగతాది తీయండి.
4. పీకినదాన్ని వేళ్లు పైకి ఉండేలా ఎండలో పడేయండి. తడి నేల మీద వేళ్లు ఆనించి వదిలితే రెండు వానలకు మళ్లీ నాటుకుంటాయి.
5. గుంట కాలితో తొక్కి పూడ్చండి. గుల్లగా ఉన్న మట్టి తర్వాతి గింజకు పరుపు వేసినట్టే.

బొటనవేలు కంటే లావైతే చేత్తో ప్రయత్నించి నడుము పట్టేసుకోవద్దు. గడ్డపారను వేరు పక్కన ఏటవాలుగా దింపి, కింద ఒక కొయ్యముక్క ఆసరాగా పెట్టి పైకి ఎత్తండి.

సుబాబుల్ అయితే ఇంకా ముందే చూసుకోవాలి. జానెడు ఎత్తులో సులువుగా వచ్చేది నడుమెత్తు అయ్యాక రాదు. పైగా దాని గింజకు గట్టి తోలు. నేలలో ఏళ్ల తరబడి నిద్రపోయి విడతలు విడతలుగా మొలుస్తుంది. ఒక్క ఏడాదితో అయిపోతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి.

## 7. రెండో అంచె: మోడు పిలకలు, దుంపతో సహా

అసలు కష్టం ఇక్కడే ఉంది, ఫలితమూ ఇక్కడే కనిపిస్తుంది.

సర్కారు తుమ్మను తీసుకోండి. మళ్లీ చిగురు వేసే కళ్లన్నీ కాండం అడుగున, నేల పైపొరలో ఉన్న దుంప మెడ దగ్గర ఉంటాయి. దానికి బాగా దిగువన కోస్తే కింద మిగిలిన వేరు నుంచి చిగురు రాదు. అంటే మొత్తం వేరును పాతాళం దాకా తవ్వాల్సిన పనిలేదు. కళ్లున్న భాగం పోతే చాలు.

1. పై కొమ్మల్ని నడుమెత్తులో కోయండి. మొదలంటా వద్దు, మిగిలిన మూడడుగుల కర్రే మీకు పిడి.
2. దుంప చుట్టూ మూరెడు వెడల్పున, జానెడుకు మించి లోతున మట్టి తీయండి.
3. పక్క వేళ్లను గొడ్డలితో తెగ్గొట్టండి.
4. తల్లివేరును నేల మట్టానికి కనీసం జానెడు కింద రంపంతో కోయండి. మెట్ట ఎర్రనేలల్లో పైమట్టి కొట్టుకుపోయి దుంప బయటపడి ఉంటే కొలత నేల నుంచి కాదు, దుంప మెడ నుంచి తీసుకోండి.
5. పిడి పట్టుకుని ఊపి దుంపను బయటికి తీయండి.
6. దుంపను గుంటలో వదలొద్దు. బయట ఎండబెట్టండి, మంచి వంటచెరకు అవుతుంది.
7. గుంటను రాయి లేని మట్టితో పూడ్చి తొక్కండి.

దుంపలు పదుల్లో ఉంటే ట్రాక్టర్‌తో గొలుసు వేసి లాగొచ్చు. అయితే గొలుసును ట్రాక్టర్ వెనక కింది కొక్కేనికే తగిలించాలి. పైన టాప్ లింక్ దగ్గర తగిలించి లాగితే ముందు చక్రాలు లేచి బండి డ్రైవర్ మీదికి తిరగబడుతుంది. గొలుసు బిగుసుకున్నాక చుట్టుపక్కల మనిషి ఉండకూడదు.

జేసీబీ పెడితే ఒక్కపూటలో అయిపోతుందని అంటారు. బంజరు భూమికైతే సరే. చెట్ల మధ్య బాటకు నేను వద్దంటాను. అది మామిడి వేళ్లను, డ్రిప్ పైపులను చీలుస్తుంది, వేరు పిలకల జాతుల వేళ్లను ముక్కలు చేసి వదులుతుంది, అడుగున నిద్రపోతున్న గింజలను పైకి తెస్తుంది.

## 8. మూడో అంచె: వేరు పిలకలు

తవ్వి తీయడం ఇక్కడ పనిచేయదు. ఒక పిలక తవ్వినచోట వేరు గాయపడి రెండు లేస్తాయి. వీటికి ఆకలే మందు.

పిలక మొదట వేరులో దాచుకున్న తిండితో పెరుగుతుంది. ఆకులు విచ్చి కొన్ని వారాలయ్యాక తిరిగి వేరుకు తిండి పంపడం మొదలుపెడుతుంది. అప్పు తీసుకున్నాక, తిరిగి కట్టకముందు కోసేయాలి. మోకాలెత్తు రాకముందే కోయడం ఒక మంచి కొండగుర్తు.

- వానల్లో నెలకోసారి, చలికాలంలో రెండు నెలలకోసారి కోయండి.
- నేలకు సమానంగా, అడ్డంగా కోయండి. ఏటవాలుగా కోస్తే మేకులా నిలుస్తుంది. మా ట్రాక్టర్ టైరు ఒకటి అలాగే పోయింది, అది నేను స్వయంగా నరికిన మొక్కే.
- ఒక్క విడత తప్పినా వేరు మళ్లీ కూడదీసుకుంటుంది. ఏడాదికోసారి పెద్దగా కోయడం కంటే ఆరేడుసార్లు చిన్నగా కోయడం మేలు.
- తల్లిచెట్టు పక్కనే బతికి ఉంటే పిలకలు ఎప్పటికీ వస్తూనే ఉంటాయి, ఎందుకంటే వాటికి తిండి అక్కడి నుంచి అందుతుంది. అప్పుడు బాట అంచున అడుగున్నర లోతు కందకం తీసి, అటునుంచి వచ్చే వేరును శుభ్రంగా కోసేయడం ఒక దారి. అయితే మీకు కావాల్సిన చెట్టుకు మరీ దగ్గరగా తీయకండి.

ఈ కోతకు బ్రష్ కట్టర్ బాగా పనికొస్తుంది. లేత పిలకలకు మూడు పళ్ల బ్లేడు, గట్టిపడిన వాటికి రంపపు పళ్ల గుండ్రని బ్లేడు. బ్లేడును గడియారం ముఖం అనుకుంటే 12 నుంచి 3 వరకున్న భాగంతో కొమ్మను తాకొద్దు, మిషన్ ఎగిరి తంతుంది. 15 మీటర్ల లోపు ఎవరినీ రానీయకండి.

మేకలున్నవాళ్లు అదృష్టవంతులు. లేత సుబాబుల్, రేగు పిలకల్ని అవే చూసుకుంటాయి. సుబాబుల్ ఒక్కటే పూటపూటా మేపితే మాత్రం వెంట్రుకలు రాలతాయి, వేరే మేతతో కలిపి పెట్టండి. సర్కారు తుమ్మ కాయలు తిన్న మందను బాటలోకి అసలు తోలకండి. గింజ అరగదు, పెంటికల్లోంచి ఎరువుతో సహా నాటుకుంటుంది.

## 9. "మందు కొడితే పోదా?"

అందరూ ఇదే అడుగుతారు కాబట్టి విడిగా రాస్తున్నాను. గ్లైఫోసేట్‌ అనే కలుపు మందును సొంతంగా కొట్టడానికి వీల్లేదని, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. పక్కనే ఉన్నది మీ మామిడి, నిమ్మ అయినప్పుడు గాలికి తుంపర ఎటు పోతుందో మీ చేతిలో ఉండదు. 2,4-డి అనే కలుపు మందు అయితే పక్క చేలోని పత్తి ఆకు ముడుచుకుపోవడానికి కొద్దిపాటి తుంపర చాలు.

తవ్వడానికి వీల్లేని చోట, రాతి సందులోనో గోడ పక్కనో దుంప ఉంటే, వ్యవసాయాధికారిని అడిగి, లేబుల్ మీద ఉన్నదే చేయండి. షాపులో చెప్పిన మోతాదు ప్రమాణం కాదు.

మోడు మీద ఉప్పు, కిరోసిన్, వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయడం చాలా ఊళ్లలో ఉంది. చుట్టూ నేల చెడుతుంది, మోడేమో పక్కనుంచి చిగురిస్తుంది.

## 10. తీసిన కంపను ఏం చేయాలి

కాయలున్న కొమ్మలను వేరు చేసి గోనెసంచిలో కట్టేయండి. మిగతా ముళ్లకంప కంచెకు పనికొస్తుంది. ముళ్లు లేని ఆకు రొట్టను మామిడి పాదుల్లో పరవండి. బాట మీద ముళ్లకొమ్మ ఒక్కటి కూడా మిగలకుండా చివర్లో ఇనుప పళ్ల దంతెతో లాగి చూడండి. ఎండిన ఆకుల మధ్య నిప్పు పెట్టొద్దు, అందులోనూ మార్చి నుంచి మే వరకు అసలే వద్దు.

## 11. తరచూ జరిగే తప్పులు, వాటికి సర్దుబాట్లు

దుంప తీశాం, అయినా చిగురు వచ్చింది. లోతు చాలలేదు, లేదా పక్క వేరుకు అంటిన దుంప ముక్క ఒకటి మిగిలింది. చిగురు జానెడు కాకముందే అదే చోట మళ్లీ తవ్వండి, ఈసారి మట్టి గుల్లగా ఉంటుంది.

బెరడు చుట్టూ ఒలిచాం, చెట్టు చావలేదు. ఒలిచిన పట్టీ సన్నగా ఉండి బెరడు మళ్లీ అతుక్కుని ఉంటుంది. బెత్తెడుకు పైగా వెడల్పున, లోపలి తెల్ల కొయ్య కనిపించేదాకా ఒలవాలి. సుబాబుల్, సర్కారు తుమ్మ ఒలిచిన చోటుకు కింద చిగుర్లు వేస్తాయి, కాబట్టి వాటికి ఈ పద్ధతి వద్దు.

బాట నున్నగా చెక్కించాం, మొలకలు ఎక్కువయ్యాయి. ఖాళీ నేల మొలకలకు ఆహ్వానం. గడ్డిని ఉంచి పైపైన కోయండి. ఎండ తగిలే అంచుల్లో తొలకరికి జనుమో పిల్లిపెసరో చల్లితే నేల కప్పుకుపోతుంది.

కూలీలు పీకమంటే కోశారు. గుత్త లెక్కన ఇస్తే అంతే అవుతుంది. దుంపకు ఇంత అని మాట్లాడుకుని, సాయంత్రం దుంపలు లెక్కపెట్టి డబ్బులివ్వండి. మా దగ్గర ఈ ఒక్క మార్పుతో పని తీరే మారిపోయింది.

## 12. తర్వాత రెండేళ్లు

మొదటి ఏడాది పని పెద్దది. రెండో ఏడాది ఎక్కువగా విత్తు మొక్కలే ఉంటాయి. మూడో ఏడాదికి బాట మీద నడుస్తూ చేత్తో పీకేవి మిగలాలి. అప్పటికీ గుత్తిగా పిలకలు కనిపిస్తుంటే ఏడో భాగంలో చెప్పిన పనిలో ఎక్కడో తేడా జరిగింది.

నడిచేటప్పుడు చూసుకోవాల్సినవి:

- పిట్టలు వాలే పెద్ద చెట్లు, కరెంటు వైర్ల కింది చోట్లు. వేప మొలకలు మొదట అక్కడే లేస్తాయి. వేప గింజకు ఆయుష్షు కొన్ని వారాలే, అందుకని పండ్లు రాలిన నెలా రెండు నెలల్లో చూస్తే ఆ ఏడాది మొలకలన్నీ దొరుకుతాయి.
- పశువులు నిలబడే నీడలు, నీళ్ల తొట్టి చుట్టూ.
- వాన నీరు బాటను దాటే చోటు. గింజలన్నీ కొట్టుకొచ్చి అక్కడే ఆగుతాయి.
- పోయినేడు దుంప తీసిన గుంటలు. ప్రతి గుంట పక్కన సున్నం పూసిన రాయి పెట్టుకుంటే వెతుక్కోనక్కర్లేదు.

బాట వైపు గింజ రాల్చే సుబాబుల్ తల్లిచెట్టు ఒక్కటి మీ హద్దుకు అవతల పొరుగాయన గట్టు మీద ఉంటే, కాయలు ఎండకముందే వెళ్లి మాట్లాడండి. పచ్చి కొమ్మలు మేకలకు మేతగా కొట్టి తీసుకెళ్తామంటే చాలామంది సరేనంటారు.